బండబావి కాలనీలో పొంగని పాలు

"స్టవ్ ఎందుకు కట్టేశారండీ?"

పుణ్యవతి అడిగిన ఆ ఒక్క మాటకి వంటింట్లో ఉన్నవాళ్ళంతా బిగుసుకుపోయారు. కొత్త ఇత్తడి గిన్నెలో అంచుదాకా లేచిన పాలు ఒక్క క్షణం బయటికి తొంగిచూసి, మళ్ళీ బుద్ధిగా అడుక్కి జారిపోయాయి. గిన్నె మెడకి కట్టిన పసుపుకొమ్ము మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

నాగేశ్వరి తన కుడిచేతి వంక చూసుకుంది. ఆ చెయ్యి ఇంకా స్టవ్ నాబ్ మీదే ఉంది.

ఏం చెప్పమంటారు! ముప్పై ఆరేళ్ళ కాపురంలో రోజుకి రెండుసార్లు పాలు కాచిన చెయ్యి అది. పాలు అంచుకి వస్తే ఆ చెయ్యి ఎవరినీ అడగదు, తన పని తను చేసేసుకుంటుంది. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. పాలు కాచే చెయ్యి వాటికంటే మొండిదని ఆ సామెత కట్టినవాళ్ళకి తెలిసినట్టు లేదు.

"అయ్యయ్యో, అలవాటుగా..." అంది నాగేశ్వరి.

"అలవాటేంటండీ? మేము పాలు పొంగించడానికి వచ్చాం. కాచుకుని కాఫీ తాగడానికి కాదు!"

పుణ్యవతిది అమలాపురం. కొడుకు జశ్వంత్, కోడలు ఉమాశ్రీ ఈ పైవాటా అద్దెకి తీసుకున్నారు. వచ్చే వారం నుంచి ఆషాఢం, ఈలోపు ఇదొక్కటే మంచిరోజు. ఆషాఢంలో ఇల్లు మారితే ఆవిడ ఒప్పుకోదు. అందుకని సామాన్లు ఎప్పుడొచ్చినా సరే, ముందు పాలు పొంగించేస్తే ఇల్లు తమదైపోయినట్టేనని తెల్లవారగానే దిగిపోయింది. పాపం, ఇంకా ఖాళీ చెయ్యని నాగేశ్వరి కుటుంబం తమ వంటింటినే ఆవిడకి ఇచ్చి పక్కన నిలబడింది. వీళ్ళ సామాన్లెత్తే లారీ రేపు పొద్దున్నే వస్తుంది. రాయదుర్గం వైపు, పంతొమ్మిదో అంతస్తులో, కొడుకూ కోడలూ కొనుక్కున్న కొత్త ఫ్లాటుకి వెళ్ళిపోతున్నారు.

"ముహూర్తం ఎనిమిదీ ముప్పై రెండు దాకా ఉందండీ, కంగారు పడకండి," అన్నారు నాగేశ్వరి భర్త రామబ్రహ్మం గారు, చేతిగడియారం కళ్ళజోడుకి ఆనించుకుని. "ఇంకా ఇరవై ఒక్క నిమిషాలు."

ఆయన ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఫైలు ఆరు నెలలు ఆలస్యమైనా ఓర్చుకున్న మనిషి, ముహూర్తం ఆరు నిమిషాలు తప్పితే ఓర్చుకోలేరు.

"కంగారు పడక? శుభమా అని పాలు పెడితే పొంగకుండా కట్టేస్తే ఏమనుకోవాలండీ?" పుణ్యవతి కొంగు నడుముకి దోపింది. "ఈవిడకి ఇల్లు వదలడం ఇష్టం లేదండీ. మొన్న చూడ్డానికి వచ్చినప్పుడే అనుకున్నాను."

"నాకా? భలేవారే! ఇష్టం లేకపోవడమేమిటి?" అంది నాగేశ్వరి.

మొన్నటి సంగతి అందరికీ గుర్తే. ఫోన్లో ఒక జాబితా రాసుకుని వచ్చింది పుణ్యవతి. లిఫ్ట్ ఉందా అని అడిగింది. పదహారు మెట్లేనండీ, మోకాళ్ళకి మంచిది అంది నాగేశ్వరి. క్లబ్ హౌస్? కిరాణాకొట్టు ముందు రెండు బల్లలున్నాయండీ, సాయంత్రం ఆరింటికల్లా నిండిపోతాయి. సెక్యూరిటీ? వీధి మొదట్లో యాదమ్మ ఇస్త్రీ బండి ఉందండీ, ఆవిడ కన్నుగప్పి పిల్లి కూడా లోపలికి రాలేదు. స్విమ్మింగ్ పూల్? జూలైలో మూడో వీధి మొత్తం అదేనండీ.

ఉమాశ్రీ పకపకా నవ్వి, ఇల్లు అప్పుడే ఖాయం చేసేసింది. అత్తగారికి మాత్రం ఆ జవాబులు బేరం చెడగొట్టేవిగా తోచాయి.

నాగేశ్వరి ఒక్కటీ అబద్ధం చెప్పలేదు. డెబ్బై రెండిళ్ళ బండబావి కాలనీకి నాలుగు వీధులు, ఒక పార్కు, పార్కులో ఒకటే ఉయ్యాల. దాని కోసం సాయంత్రాలు పిల్లలు వరస కడితే, పొద్దున్నే ఎవరూ చూడకుండా పెద్దవాళ్ళు ఊగుతారు. రేకుల కమ్యూనిటీ హాల్లో సీమంతమూ అక్కడే, సంతాపసభా అక్కడే. కుళాయిలో మంజీర నీళ్ళు రోజు విడిచి రోజు. చుట్టూ అద్దాల మేడలు లేచిపోయాయి, మధ్యలో ఈ కాలనీ మాత్రం మునుపటిలాగే ఉండిపోయింది. నాగేశ్వరి ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్ళయింది.

"అత్తయ్యా, పోనీ మళ్ళీ వెలిగిద్దాం," అంది ఉమాశ్రీ మెల్లిగా.

"అణిగిపోయిన పాలు మళ్ళీ పొంగిస్తారా ఎక్కడైనా? వేరే పాలు కావాలి. ఫ్రిజ్‌లో ప్యాకెట్లు పనికిరావు. పచ్చిపాలు, ఇందాకటి లాంటివి."

"పద్దెనిమిది నిమిషాలు," అన్నారు రామబ్రహ్మం గారు.

"మీరు కాసేపు ఆ గడియారం చదవడం ఆపండీ!" అని నాగేశ్వరి మొగుడి మీద విరుచుకుపడింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడిందంటే ఇదే.

హాల్లో జశ్వంత్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆఫీసు మీటింగులో "యెస్, యెస్" అంటున్నాడు. నాగేశ్వరి తన చేతిని కొంగులో చుట్టుకుంది. అది అలవాటుగానే కట్టేసిందా? తనకే తెలియడం లేదు. పాలు లేస్తున్నప్పుడు మాత్రం, పొంగితే అయిపోయినట్టే, ఇక ఈ వంటిల్లు నాది కాదు అనుకుంది. ఆ మాట నిజం.

ఇంతలో మెట్లమీద కడియాల చప్పుడు. ఇంటావిడ భాగ్యమ్మ పైకి వచ్చింది. కింద వాటాలో ఆవిడా, భర్త పోచయ్యా ఉంటారు. ఈ కాలనీ పుట్టకముందు ఇది వాళ్ళ జొన్నచేను. చేను పోయినా ఒక్క బర్రెను మాత్రం పోచయ్య వదల్లేదు.

"ఏంది లొల్లి? కిందికి వినబడుతున్నది."

ఉమాశ్రీ జరిగింది చెప్పింది. భాగ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కడుపు పట్టుకు నవ్వింది. పుణ్యవతి మొహం చూసి, నవ్వు మింగి, మళ్ళీ ఆగలేక నవ్వింది.

"గింత దానికి పరేషాన్ ఎందుకమ్మా? జర ఆగుండ్రి. పాలే గద గావాలె."

"మీ బర్రె పాలు ఇందాకే పిండేశారుగా వదినగారూ," అంది నాగేశ్వరి. "అన్నయ్యగారు ఇళ్ళకి పోసి కూడా వచ్చేశారు."

"పోసిండు. పోస్తే అందరు కాసుకుంటరా ఏంది గింత జల్ది? లేసేదే ఎనిమిదికాయె!"

భాగ్యమ్మ బాల్కనీలోకి వెళ్ళి, రెండు చేతులూ నోటికి అటూఇటూ పెట్టుకుని కేక వేసింది. "ఓ యాదమ్మా! మా పాలు ఇంక కాయకుంట ఉన్నోళ్ళుంటె గిలాసెడు గిలాసెడు తెమ్మను! పైన కొత్తోళ్ళు పాలు పొంగిస్తున్నరు!"

కింద యాదమ్మ ఇస్త్రీపెట్టె పక్కనపెట్టి, ఆ కేకని రెండో వీధికి అందించింది. అక్కడి నుంచి ఎవరో మూడో వీధికి. కాలనీకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది గానీ, దాన్లో పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు తప్ప పనికొచ్చే కబురు ఒక్కటీ రాదు. పనికొచ్చే కబుర్లన్నీ యాదమ్మ గొంతు మీదే నడుస్తాయి.

ఆరు నిమిషాలు తిరక్కుండా మొదటి గ్లాసు వచ్చింది. పళ్ళు తోముకుంటూనే ఎదురింటి ఆయన చెంబు పట్టుకొచ్చాడు. స్కూలు బస్సుకి పరిగెడుతున్న పిల్ల దారిలో ఒక టిఫిన్ డబ్బా ఇచ్చేసి పోయింది. కిరాణాకొట్టు కిరణ్ తన టీకి ఉంచుకున్న పాలు పంపి, టీ బాకీ ఉన్నారని కబురు కూడా పెట్టాడు. అణిగిన పాలు వంచేసి కడిగిన గిన్నెలోకి మొత్తం ఏడిళ్ళ పాలు చేరాయి.

పుణ్యవతి ఆ గిన్నె వంక అనుమానంగా చూసింది. "ఏడిళ్ళ పాలు కలపొచ్చంటారా?"

"ఏడిండ్లయితేంది, బర్రె ఒక్కటే గదమ్మా!" అంది భాగ్యమ్మ.

పుణ్యవతి పెదవి చివర నవ్వు లాంటిదేదో వచ్చి పోయింది. "సరే, వెలిగించు ఉమా. మీరు మాత్రం స్టవ్ దగ్గరకి రాకండి నాగేశ్వరిగారూ, దణ్ణం పెడతాను."

"రాను," అంది నాగేశ్వరి.

"వస్తే నేను పట్టుకుంట," అని భాగ్యమ్మ ఆవిడ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

పాలు వేడెక్కాయి. మీగడ ముడతలు పడింది. అంచుల్లో చిన్న చిన్న బుడగలు లేచాయి. రామబ్రహ్మం గారు గడియారం చూస్తున్నారు గానీ పైకి చదవడం లేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. నురగ పైకి లేచింది. ఇదిగో, నాగేశ్వరి చెయ్యి ముందుకు గుంజింది. భాగ్యమ్మ బిగించింది. మళ్ళీ గుంజింది. భాగ్యమ్మ కాలు తన్నిపెట్టి ఇంకా బిగించింది.

బుస్సుమని పాలు పొంగి తూర్పుకి ఒలికాయి.

"పొంగాయి! పొంగాయి!" అని ఉమాశ్రీ గెంతింది. జశ్వంత్ హాల్లోంచి "సూపర్!" అని గావుకేక పెట్టాడు. మైకు ఆపలేదని వెంటనే గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. పాపం, మీటింగులో ఎవరి పనిని మెచ్చుకున్నట్టయిందో ఏమో.

పుణ్యవతి నాగేశ్వరికి బొట్టు పెట్టింది. చేతిలో అరటిపండూ తాంబూలమూ పెట్టి, కాస్త మొహమాటంగా నిలబడింది. "ఇందాక తొందరపడి నోరు జారానండీ, మనసులో పెట్టుకోకండి. మావాళ్ళు గచ్చిబౌలిలో మూడేళ్ళున్నారు. అక్కడ పెరుగు తోడుకి ఎవరినైనా అడగాలంటే ముందు గేటు దగ్గర్నుంచి ఫోన్ చేయించాలి. అందుకే ఇలాంటిది నేను... సరే, ఉమా, ఆ ఏడిళ్ళకీ ప్రసాదం పంపాలి, చక్కెర తే." అని హాల్లోకి వెళ్ళిపోయింది.

వంటింట్లో ఇద్దరే మిగిలారు. స్టవ్ చుట్టూ ఒలికిన పాలు ఎవరూ తుడవలేదు, శుభం అని. భాగ్యమ్మ ఇంకా ఆ చెయ్యి వదల్లేదు.

"వదినె, నీ చెయ్యి ఎంత గుంజిందో నాకెర్క. నిజం చెప్పు, నీకు పోవుడు ఇష్టమేనా?"

"ఇప్పుడు అనుకుని ఏం లాభం వదినగారూ! లారీకి కూడా చెప్పేశారు."

"లారీ సంగతి నేనడుగుతలేను. ఇరవై రెండేండ్లల్ల నువు నాకు ఒక్క అబద్ధం చెప్పలే. ఇయ్యాల చెప్పకు."

నాగేశ్వరి కళ్ళు తుడుచుకుంది. "ఇష్టం లేదు. అస్సలు ఇష్టం లేదు. అక్కడ అన్నీ ఉన్నాయి వదినగారూ. ఈత కొలను ఉంది, నడిచే బాట ఉంది. పెద్దవాళ్ళు కూర్చోవడానికి ఒక మూల కట్టి, దానికి బోర్డు కూడా పెట్టారు. బోర్డు కింద కూర్చోబెడితే నేను ఎవరితో మాట్లాడను? బాల్కనీలోంచి కేకేస్తే కాకికి కూడా వినపడదు."

"మరి ఉండరాదు? మా కింద ముందటి అర్ర ఖాళీగనే ఉన్నది. వంటకు జాగున్నది. మీ ఇద్దరికి సాలదా?"

"ఆయన ఒప్పుకోవద్దూ? నెల రోజులుగా నాకు ఒకటే పాఠం. కాలంతో పాటు మారాలి నాగూ, మారాలి నాగూ అని."

భాగ్యమ్మ మళ్ళీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మీ సారా? నిన్న పొద్దుగాల మా ఆయనను గదే అర్ర అడిగిండు. పుస్తకాలు పెట్టుకుంటడంట!"

కాఫీ ఏమైందని అడగడానికి అప్పుడే లోపలికి వచ్చిన రామబ్రహ్మం గారు, వచ్చిన దారినే వెనక్కి తిరగబోయారు.

"ఆగండి," అంది నాగేశ్వరి. "ఎన్ని పుస్తకాలండీ?"

"ఏవో... ఓ పాతిక ఉంటాయి."

"పాతిక పుస్తకాలకి గది కావాలా?"

"గది అంటే... పక్కన ఓ మంచం కూడా పడితే బాగుంటుందని." కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టారాయన. "సాయంత్రం కిరణ్ కొట్టు ముందు ఆ బల్ల మీద కూర్చోకపోతే నాకు అన్నం సయించదు నాగూ. నువ్వేమో వెళ్ళడానికి సిద్ధంగానే ఉన్నావనుకున్నాను."

"మీరు సిద్ధంగా ఉన్నారని నేను సిద్ధపడ్డానండీ మహానుభావా!"

ఎంత సంబరమొచ్చిందో ఆవిడకి! నెల రోజుల దిగులు ఒక్కసారిగా తేలిపోయి, ఏడుస్తున్నదల్లా నవ్వేసింది. ఆ నవ్వులోనే, గొంతు ఎంత పెద్దదయిందో చూసుకోకుండా అనేసింది. "అయితే నేను రాను. నేను ఈ కాలనీ వదిలి ఎక్కడికీ రాను!"

"నానమ్మా, నువ్వు రావా?"

ముగ్గురూ గుమ్మం వైపు తిరిగారు. ఆఫీసుకి వెళ్తూ పాపని అప్పజెప్పడానికి వచ్చిన కోడలు ఆమని నిలబడి ఉంది. భుజాన లాప్‌టాప్ సంచి, రెండో చేతిలో నాలుగేళ్ళ పింకీ చెయ్యి. అడిగింది పింకీయే. జవాబు కోసం ఆ పిల్ల ఆగలేదు. తల్లి చెయ్యి విడిపించుకుని, "మా నానమ్మ రాదంట! మా నానమ్మ రాదంట!" అని అరుచుకుంటూ పదహారు మెట్లూ దడదడా దిగిపోయింది.

ఆమని కదల్లేదు. భాగ్యమ్మ తప్పుచేసినదానిలా నాగేశ్వరి చెయ్యి వదిలేసింది.

"మీకోసమే మూడో బెడ్రూం తీసుకున్నాం అత్తయ్యా," అంది ఆమని చివరికి. గొంతు పెంచలేదు. "పూజగది ఈశాన్యంలో ఉండాలని మీరన్నారని ఒక టవర్ వద్దనుకుని ఇంకో టవర్‌కి మారాం. నా ఆఫీసు పక్కనే, పింకీని వదిలి వెళ్ళినా మధ్యాహ్నం వచ్చి చూసుకోవచ్చు, మీకూ కాస్త తెరిపిగా ఉంటుందనుకున్నాను. మీరు ఒక్కసారి కూడా వద్దనలేదు."

"లేదమ్మా. అనలేదు."

"ఇందాకటి స్టవ్ సంగతి నేనూ విన్నాను. గురువారం అక్కడ పాలు పొంగించింది మీరే కదా. ఆ రోజు మీ చెయ్యి ఎందుకు కట్టేయలేదు?"

అది ఇండక్షన్ స్టవ్ కదా, దాని మీటలు నాకు తెలియవు అని తప్పించుకోవచ్చు. నాగేశ్వరి నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమని మంచి పిల్ల. ఏడేళ్ళలో ఒక్క పూట కూడా అత్తగారికి పెట్టకుండా తను తినలేదు. అలాంటి పిల్లతో అబద్ధమాడబుద్ధి కాలేదు.

"అక్కడ కట్టేయాలని దానికి తోచనే లేదమ్మా," అంది. "ఎవరింట్లోనో పేరంటానికి వెళ్ళి నిలబడ్డట్టు చూస్తూ నిలబడ్డాను. పాలు పొంగి ఒలికి పోతున్నా నాకేం అనిపించలేదు. మన వంటిల్లు అనుకుంటే కదా, పాలు పోతున్నాయన్న బెంగ!"

ఆమని కళ్ళు నిండిపోయాయి. "ఆ మాట ఆ రోజే చెప్పొచ్చు కదా."

"నువ్వంత సంతోషంగా ఉన్నావు. ఇల్లంతా తిరిగి తిరిగి కిటికీలు తెరిచి చూపిస్తున్నావు. నీ మొహం చూసి ఎలా చెప్పనూ?"

ఆమని సంచి భుజం మీంచి దించి గట్టు మీద పెట్టింది. ఏదో అనబోయింది. అప్పుడే నాగేశ్వరి ఫోన్ మోగింది.

కొడుకు తేజ. వచ్చినవాళ్ళకి టిఫిన్లు తెస్తానని అరగంట క్రితం వీధి చివరి ఇడ్లీ బండి దగ్గరకి వెళ్ళాడు. నాగేశ్వరి ఫోన్ ఎత్తింది. చేతి తడికి వేలు జారి, స్పీకర్ ఆనైపోయింది.

"అమ్మా, ఇడ్లీలు కట్టించుకుంటున్నా. యాదమ్మ కేక ఇక్కడిదాకా వచ్చింది, నువ్వు మాతో రావట్లేదట. కొట్టు దగ్గర కిరణ్ కూడా అదే అంటున్నాడు. ఎవరో నాకు కంగ్రాట్స్ చెప్పి మరీ వెళ్ళారు. ఏంటమ్మా ఇది? నిజమేనా?"

నాగేశ్వరి ముందు భర్త వంక చూసింది. ఆయన గడియారం వంక చూశారు. భాగ్యమ్మ నేల వంక చూసింది. ఇక నాగేశ్వరి ఆమని వంక చూసింది. ఆమని వద్దనలేదు, సరేననలేదు. "చెప్పండి అత్తయ్యా, మీ అబ్బాయే కదా," అంది, అంతే.

"నిజమేరా తేజా," అంది నాగేశ్వరి. "నేనూ మీ నాన్నగారూ ఇక్కడే ఉంటాం."

అవతల పెనం మీద దోసె చుర్రుమంటోంది. ఎవరో చట్నీ ఇంకొంచెం వెయ్యమంటున్నారు.

"వింటున్నావా నాన్నా?"

ఫోన్ ఆగిపోయింది. ఆ వెంటనే వీధి చివర తేజ బైకు స్టార్టయింది. చిన్న కాలనీ కదా, ఏ బండి ఎవరిదో చప్పుడు బట్టి చెప్పేస్తారు. భాగ్యమ్మ గబగబా బాల్కనీలోకి వెళ్ళి తొంగిచూసింది.

"ఇటే వస్తున్నాడా?" అన్నారు రామబ్రహ్మం గారు.

"లేదు సార్," అంది భాగ్యమ్మ. "అలిగినట్టున్నడు, ఇడ్లీ పొట్లం ఆడనే ఇడిసిపెట్టి మెయిన్ రోడ్డు దిక్కు పోతుండు."